వదిన పెరట్లో మీటరమ్మ

పోయిన వారం మీటరమ్మను ఒక పాల సీసా ముందు కూర్చోబెట్టి మనం వచ్చేశాం. వచ్చిన అంకె చూసి ఆమెకి నోట మాట రాలేదన్న చోట కథ ఆగింది.

మధ్యలో వచ్చి కలిసినవాళ్లకి నాలుగు ముక్కలు. అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి మూడేళ్లు దాటింది. దాని చుట్టుపక్కల ఊళ్లన్నీ ఖాళీ చేయించి కంచె వేశారు. కంచెకి ఇవతలున్న ఈ పట్నంలోకి మాత్రం మనుషులు తిరిగి రావొచ్చని తేల్చారు. మూతపడిన పోస్టాఫీసులో కొలతల కేంద్రం పెట్టారు. మట్టి, నీళ్లు, పాలు, ఆకులు, ఏది తెచ్చినా అందులో రేడియేషన్ ఎంతుందో చూసి చెప్పడం మన మీటరమ్మ ఉద్యోగం. మెడలో మీటరు వేలాడేసుకుని వీధులన్నీ తిరుగుతుంది కాబట్టి ఊరు ఆమెకి ఆ పేరు పెట్టేసింది. ఆమె అన్న ఆ విద్యుత్ కేంద్రంలోనే పంపులు చూసేవాడు. ప్రమాదం జరిగిన వారంలోనే పోయాడు. వదిన చంటిపిల్లని చంకనేసుకుని రెండేళ్లపాటు, ఇళ్లు వదిలొచ్చినవాళ్లని ఉంచిన ఆటల హాల్లో, దుప్పట్లు గోడలుగా కట్టుకున్న మూలలో బతికింది. కిందటేడు వెనక్కి వచ్చి, రెండు మేకల్ని పెంచుతూ వీధిలోని పసిపిల్లలకి పాలు పోస్తోంది.

మొదట్లో శుభ్రంగా వచ్చాయని మళ్లీ చూడని ఆ పాలనే మీటరమ్మ ఇప్పుడు, అందరివీ చూసినట్టే, సీసం గోడల పెట్టెలో పెట్టి చూసింది. ప్రమాదం నాడు పైకి లేచి వానతోపాటు నేల మీద పడ్డ సీజియం ఆ పాలలో ఉంది. పిల్లలు తాగే పాలకి ఇంతకు మించకూడదని గీసిన గీతకి ముప్పై రెట్లు ఉంది.

మొదట ఆమె మిషన్‌ని అనుమానించింది. ఖాళీ సీసా పెట్టి చూసింది. శుభ్రంగా ఉంది. నీళ్లు పోసి చూసింది. శుభ్రంగా ఉంది. వదిన పాలు ఇంకో రెండు సీసాల్లో పోసి పెట్టింది. అదే అంకె. తప్పు మిషన్‌దే అయితే ఎంత బాగుండేది! మిషన్‌కి పిల్లలుండరు.

ఇలాంటి అంకె వస్తే ముందు ఆఫీసరుకి చెప్పాలి. ఆయన పైవాళ్లకి చెబుతాడు. వాళ్లు మనుషుల్ని పంపి మేకల్ని చంపించి, ఇంటికి తాళం వేయిస్తారు. అది పద్ధతి. ఆఫీసరు గదిలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మీటరమ్మ ఆ తలుపు దాకా వెళ్లి, చెయ్యెత్తి, దించేసింది. వదినకి ఈ మాట మాస్కులు కట్టుకుని వచ్చిన ఎవరో కొత్తవాళ్ల నోటి నుంచి తెలియకూడదు. మీటరు మెడలో వేసుకుని బయటపడింది.

సాయంత్రానికి ఇంకా కాస్త పొద్దుంది. వదిన ఉండే వీధిలో సగం ఇళ్లకి తాళాలే. మనుషులున్న ఇల్లేదో ఆరేసిన బట్టల్ని బట్టి తెలుస్తుంది. వెనక్కి వచ్చిన కొత్తలో ఎవరూ బయట బట్టలు ఆరేసేవారు కాదు. ఇంట్లోనే తాళ్లు కట్టుకుని, తడి వాసనలోనే పడుకునేవారు. "ఎండలో వేసుకోండి, ఏం ఫర్వాలేదు," అని ఇంటింటికీ తిరిగి చెప్పింది మీటరమ్మే. ఈ వీధిలో ఆమె మీటరు పెట్టి చూడని చూరు లేదు, వాన నీళ్ల గొట్టం లేదు. ప్రతి పెరట్లోనూ పైమట్టి గీకించి, నల్ల సంచుల్లో నింపించి పంపేశారు. దాని బదులు ఎక్కడిదో ఇసక తెచ్చి పోశారు. ఇసక శుభ్రమైనదే. కానీ అందులో ఏదీ సరిగ్గా మొలవదు.

వదిన గుమ్మం పక్కన కూర్చుని పాల క్యాను తోముతోంది.

"రా బుజ్జీ! మీటరుగా వచ్చావా, ఆడపడుచుగా వచ్చావా? ఆడపడుచుగా అయితే చెప్పు, కుర్చీ తుడిచి వేస్తాను. లేకపోతే వెళ్లి ఊరంతా నా మీద చాడీలు చెప్తావు."

మామూలు రోజైతే "రెండుగానూ వచ్చాను, రెండు కుర్చీలు వెయ్యి," అనేది మీటరమ్మ. ఇవాళ నవ్వబోయి మానేసింది.

వదిన చేతిలో పీచు ఆగింది. "ఏంటలా ఉన్నావు? అన్నయ్యగారితో గొడవా?" అంది. మీటరమ్మ భర్తని ఆమె అన్నయ్యగారనే పిలుస్తుంది. తోడబుట్టినవాళ్లు ఎవరూ లేని మనిషికి ఆ వరస ఒక్కటే దక్కింది.

"లోపలికి పద వదినా."

"ఇక్కడే చెప్పు."

"నిన్న నువ్విచ్చిన పాలు..." అని ఆగి, మీటరమ్మ మెట్టు మీద కూర్చుంది. "అందులో వచ్చింది వదినా. చాలా వచ్చింది."

ఎంత అని వదిన అడగలేదు. తోముతున్న క్యానులోకి తొంగి చూసింది, అక్కడేదో అడుగున అంటుకున్నట్టు. తర్వాత పీచు తీసుకుని మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

"నీ మిషన్‌కి జబ్బు చేసి ఉంటుంది."

"మూడుసార్లు చూశాను."

"నాలుగోసారి చూడు. ఈ పెరడు మంచిదని చెప్పింది ఎవరు? నువ్వే. కాళ్లకి తొడుగులు వేసుకుని, అంగుళం అంగుళం తిరిగి, 'వచ్చేయ్ వదినా' అన్నావు. నువ్వు రమ్మంటే కదా వచ్చాను! ఇప్పుడు పాలలో వచ్చిందంటే ఎలా వస్తుంది? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"అదే చూద్దామని వచ్చాను."

వదిన క్యాను బోర్లించి లేచింది. "చూడు. చూసి, నీ నోటితోనే తప్పని చెప్పి వెళ్లు."

మీటరమ్మ మీటరు ఆన్ చేసింది. ఆ చప్పుడు వినగానే లోపల్నుంచి మేనకోడలు పరిగెత్తుకొచ్చింది. ఇంకా నాలుగేళ్లు నిండలేదు. తండ్రి పోలిక, నుదురంతా ఆయనదే. వచ్చి మీటరు పట్టీ పట్టుకుంది.

పెరడంతా మోకాలి ఎత్తులో మీటరు పట్టుకుని నడిచింది మీటరమ్మ. టిక్... టిక్ టిక్... చాలాసేపటికి ఇంకో టిక్. గోడ వారగా అంతే. వాన గొట్టం కింద అంతే. కుళాయి దగ్గర అంతే. ప్రమాదం జరగకముందు ఎక్కడ పెట్టినా అంతే ఉండేది.

"అత్తా, ఇదేంటి నత్తిగా మాట్లాడుతుంది?" అంది పిల్ల.

"అలా మాట్లాడితేనే మంచిదమ్మా."

"చూశావా?" అంది వెనకనే వస్తున్న వదిన. గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. "ఏముంది? చెప్పు, ఏముంది ఇక్కడ?"

మేకల పాక దగ్గరికి వెళ్లారు. మేకలు రెండూ మెడలు చాచి పట్టీ నాకబోయాయి. పాక నేల చూసింది. కొంచెం ఎక్కువగా ఉంది. పేడ కుప్ప దగ్గర ఇంకొంచెం ఎక్కువ. పాక వెనక, రేకు కప్పు కింద గడ్డి వాము వేసి ఉంది. మనిషి ఎత్తు ఉంటుంది. పక్కనే పిల్ల ఆడుకునే బొమ్మల గిన్నెలు, గడ్డిలో గుంటలా చేసుకున్న చిన్న గూడు.

మీటరు ఆ పక్కకి తిప్పిందో లేదో, రేకు మీద వడగళ్లు పడ్డట్టు అరవడం మొదలుపెట్టింది.

పిల్ల చప్పట్లు కొట్టింది. "అత్తా! ఇప్పుడు బాగా మాట్లాడుతోంది!"

 మీటరమ్మ పిల్లని ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి వచ్చి, మీటరు కట్టేసింది.  మేకలు గడ్డి నములుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఈ గడ్డి ఎక్కడిది వదినా?"

వదిన వంగి పిల్ల బొమ్మల గిన్నెలు ఏరడం మొదలుపెట్టింది.

"ఈ చుట్టుపక్కల గడ్డి మొలవడమే లేదు. ఇంత గడ్డి నీకెవరిచ్చారు?"

"ఎవరో తెచ్చారు."

"ఎవరు?"

"తెచ్చేవాళ్లు తెచ్చారు. నువ్వు మీటరుగా వచ్చావా, పోలీసుగా వచ్చావా?"

"ఇది కంచె అవతలి గడ్డి. అక్కడ తప్ప ఇంకెక్కడా ఇంత ఉండదు. తెచ్చినవాళ్లు ఎక్కడిదో చెప్పలేదా? నువ్వు అడగలేదా?"

"అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే చెప్తారని!" వదిన గొంతు చీరుకుపోయింది. "చెప్తే ఏం చేయాలి? చలికాలంలో ఈ రెండూ లేవలేక పడి ఉన్నాయి. డొక్కలు లెక్కపెట్టొచ్చు అప్పుడు. ఇసకలో ఏం మేపను? నీ వాళ్లు గీకి తీసుకెళ్లింది విషం ఒక్కటే కాదు, మట్టిని కూడా తీసుకెళ్లారు. దాణా కోసం మీ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నీకు తెలుసు. పైనుంచి రావాలన్నారు. పైనుంచి ఏమొచ్చింది? ఒకరోజు పొద్దున లేచేసరికి గుమ్మంలో గడ్డి మోపులు దింపి ఉన్నాయి. పచ్చగా, వాసనొస్తూ. నా నెత్తిన పాలు పోసినట్టయింది. దాన్ని వద్దని తోసేసి, మేకల్ని చంపుకుని, మళ్లీ ఆ హాల్లోకి వెళ్లి పడుకోమంటావా? అక్కడ ఒకళ్లు దగ్గితే నూరుమందిమి లేచేవాళ్లం. పిల్ల ఏడిస్తే పక్క దుప్పటివాళ్లు తిట్టేవాళ్లు. మీ అన్న పోయాక గట్టిగా ఏడవడానికి నాకు చోటు దొరకలేదు బుజ్జీ. ఈ ఇంటికొచ్చి ఏడ్చాను. తలుపేసుకుని."

 మీటరమ్మ చంకలో పిల్ల బరువుగా ఉంది. గడ్డి పరక ఒకటి పిల్ల జుట్టులో ఉంటే తీసి పారేయబోయి, ఎక్కడ పారేయాలో తెలియక గుప్పిట్లోనే పెట్టుకుంది.

వదిన చూపు ఆ గుప్పిట మీద పడింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారిపోయింది. దగ్గరికొచ్చి పిల్లని లాక్కుని కింద నిలబెట్టింది.

"దీని మీద పెట్టు."

"వదినా..."

"మీటరు పెట్టు దీని మీద. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు తాగింది. పెట్టి చెప్పు."

"దీనితో తెలీదు. ఒంట్లో ఉన్నది చూడాలంటే ఆఫీసులో కుర్చీ ఉంది, అందులో కూర్చోబెట్టి చూడాలి."

"గడ్డిలో ఉన్నది తెలుస్తుంది కానీ పిల్లలో ఉన్నది తెలీదా?"

"తెలీదు."

"తెలీకపోతే పెట్టడానికి భయమెందుకు?"

ఇక తప్పలేదు. మీటరు ఆన్ చేసి పిల్ల పొట్ట దగ్గర పెట్టింది. పిల్ల చక్కిలిగింతలకి మెలికలు తిరిగింది. టిక్... టిక్ టిక్... ఎప్పటిలాగే నత్తి.

వదిన ఊపిరి బిగపట్టి విన్నది. ఇంకాసేపు విన్నది. తర్వాత పెద్దగా నిట్టూర్చి, మోకాళ్ల మీద కూలబడి, పిల్లని పొట్టకి అదుముకుని నవ్వడం మొదలుపెట్టింది. "లేదు! ఏమీ లేదు! చూశావా, నా తల్లికి ఏమీ లేదు. పాలన్నీ దీని అల్లరికే ఖర్చయిపోయాయి. ఏమే, నన్ను హడలగొట్టేశావు కదే!"

మీటరమ్మ ఆ నవ్వు చూసింది. అన్న పోయిన దగ్గర్నుంచి వదిన అలా నోరారా నవ్వడం ఆమె చూడలేదు. ఆ ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉండగలిగితే బాగుండునని ఆమె మనసు కొట్టుకుంది. అలా మూసుకుంటే రాత్రికి ఇంకో గ్లాసు పాలు పిల్ల గొంతు దిగుతాయి.

"ఇది నమ్మొద్దు వదినా," అంది. "కుర్చీలో చూస్తే కనిపిస్తుంది. కచ్చితంగా ఉంటుంది. ఆ పాలు తాగితే ఉండకుండా ఉండదు."

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. పెదవుల మీద కాసేపు అలాగే ఉండిపోయి, మెల్లగా చెదిరింది.

"ఆపేస్తే పోతుందా?"

"పోతుంది. పిల్లల ఒంట్లోంచి పెద్దవాళ్లకంటే తొందరగానే పోతుంది."

"ఉన్నన్నాళ్లూ ఊరుకుంటుందా మరి? వచ్చింది వచ్చినట్టు కూర్చుని, మర్యాదగా లేచి వెళ్లిపోతుందా?"

ఈ ప్రశ్నకి కేంద్రంలో ఒక జవాబు నేర్పారు. 'ప్రమాదం చాలా తక్కువ, ఆందోళన పడాల్సిన పని లేదు' అని మొదలవుతుంది. ఎన్నో ఇళ్ల గుమ్మాల్లో మీటరమ్మ ఆ జవాబు చెప్పింది. ఇక్కడ మాత్రం నోరు రాలేదు.

"తెలీదు వదినా."

"నీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

అప్పుడే వీధి గేటు చప్పుడైంది. సాయంత్రం పాలకి తల్లులు వచ్చే వేళ అది. అందరికంటే ముందు కుట్టుపనామె వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. ఎనిమిది నెలల కూతుర్ని భుజాన వేసుకుని, చేతిలో మూత ఉన్న గిన్నె పట్టుకుని వచ్చింది. మీటరమ్మను చూస్తే ఆమె రోజూ ఒకటే హాస్యం ఆడుతుంది.

"ఓహో, మా కొలతలావిడ కూడా ఇక్కడే ఉందే! నీ మెడలో మీటరు, నా మెడలో టేపు. నాది నయం తల్లీ, నడుం కొలిస్తే ఎవరూ ఏడవరు. లావయ్యానని తిడతారంతే." గిన్నె మూత తీసి చాపింది. "ఒక గిద్దెడు ఎక్కువ పొయ్యి వదినగారూ. దీనికి ఆకలి పెరిగింది. నా దగ్గర చుక్క రాకపోయినా నీ మేకే దీన్ని పెంచేస్తోంది."

వదిన కదల్లేదు. మధ్యాహ్నం పితికిన పాలు గుమ్మం లోపల పెద్ద క్యానులో ఉన్నాయి. మీటరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. తనే చెప్పాలి. తన ఉద్యోగమే అది. "చూడమ్మా..." అని మొదలుపెట్టబోయింది.

"నువ్వాగు," అంది వదిన.

లోపలికి వెళ్లి రెండు చేతులతో క్యాను ఎత్తుకొచ్చింది. నడుముకి ఆనించుకుని, పెరటి ఇసకలోకి నడిచి, వంచేసింది. పాలు నురగతో బుడబుడమంటూ పారి, గుంటలో కాసేపు నిలబడి, ఇంకిపోయాయి. క్యాను విదిలించి, ఆఖరి చుక్కలు కూడా రాలాక, వెనక్కి వచ్చి కుట్టుపనామె ముందు నిలబడింది.

"పాలు చెడిపోయాయా?" అంది కుట్టుపనామె, ఇంకా సగం నవ్వుతూనే.

"గడ్డిలో ఉందిట. అవతలి గడ్డి. పాలలోకి వచ్చింది. నేను మేపాను. నాకు అనుమానం వచ్చింది, అయినా మేపాను." వదిన ఒక్కొక్క మాటా నేల మీద పెడుతున్నట్టు చెప్పింది. "దీన్ని తీసుకుని వీళ్ల ఆఫీసుకి వెళ్లు. కుర్చీ ఉందిట. కూర్చోబెట్టి చూస్తారు. నా పిల్లని కూడా తీసుకొస్తున్నాను."

కుట్టుపనామె అరుస్తుందేమో, మీద పడి కొడుతుందేమో అని మీటరమ్మ మధ్యకి వచ్చి నిలబడింది. ఆమె ఏమీ చేయలేదు. భుజం మీద పిల్ల వీపు నిమురుతూ ఏదో గుర్తు చేసుకుంది.

"ఎప్పటినుంచి?"

"చలికాలంనుంచి."

"అంటే ఇది నీ మేకపాలు తప్ప ఇంకేదీ ఎరగదు," అంది. తర్వాత గిన్నె మూత పెట్టబోయింది. మూత సరిగ్గా కూర్చోలేదు. రెండుసార్లు ప్రయత్నించి, మీటరమ్మ వైపు తిరిగింది. "ఇప్పుడు ఏడుస్తుంది ఇది. ఆకలేసి. దీనికి ఏం పట్టమంటావు?"

"పాలపొడి... ఆఫీసులో అడిగి..."

"ఇప్పుడు. ఇంకాసేపట్లో."

 కుట్టుపనామె వచ్చిన దారినే వెళ్లిపోయింది. గేటు దాటాక ఎదురొచ్చిన ఇంకో తల్లితో ఏదో అంది. ఆ తల్లి మరో ఇంటి తలుపు కొట్టింది. వీధిలో గొంతులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఎక్కడో గాజు పగిలింది. వదిన ఖాళీ క్యాను మీద కూర్చుని అదంతా వింటోంది, వాన చప్పుడు వింటున్నట్టు.

"ఇక చెప్తాను," అంది కాసేపటికి. "దాచి ఎవర్ని కాపాడతాను? గడ్డి తెచ్చింది అన్నయ్యగారు."

"ఎవరు?"

"నాకు ఎంతమంది అన్నయ్యలున్నారు? మీ ఆయనే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

మీటరమ్మ ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలీదు. ఏ వీధి తిరిగిందో, ఎవరు పలకరించారో గుర్తులేదు. ఇంటి ముందు లారీ ఆగి ఉంది. ఆమె భర్త లారీ డ్రైవరు. పెరళ్లలో గీకిన మట్టి సంచుల్ని కంచె అవతల దిబ్బకి చేరవేసి, ఖాళీ లారీతో వెనక్కి వస్తాడు. అసలే మాటలు తక్కువ. పెళ్లయిన కొత్తలో 'మూగాయన' అని వదినే పేరు పెట్టింది. అతను కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు.

ఆమె తిన్నగా లారీ వెనక్కి వెళ్లి, మీటరు ఆన్ చేసి, పైన కప్పిన పట్టా కిందకి తోసింది. మీటరులో వడగళ్ల వాన మొదలైంది.

అతను కుళాయి కట్టేశాడు.

"గేటు దగ్గర చూస్తారు కదా!" అంది ఆమె. "లోపల్నుంచి వచ్చే ప్రతి బండినీ చూస్తారు కదా!"

"చక్రాలు చూస్తారు."

"పైన?"

"పైన ఎవరూ ఎక్కరు."

"ఎందుకు చేశారండీ? మీకు తెలీదా? కట్టుకున్న పెళ్లాం పొద్దస్తమానం ఈ పనే చేస్తుంటే, మీకు తెలీదా?"

అతను తువ్వాలు తీసుకుని నెమ్మదిగా ముఖం తుడుచుకున్నాడు. "మీ వదిన ఏడ్చింది. మేకలు చచ్చిపోతున్నాయంది. అక్కడ నడుం లోతు గడ్డి. తినే నోరు లేదు. కోసి పడేశాను. మళ్లీ అడగలేదు ఆవిడ, నేనే తెచ్చి పడేస్తూ వచ్చాను."

"అది గడ్డి కాదు. నేను మీకు చెప్పలేదా?"

"నువ్వు చెప్పేది ఫర్వాలేదు అని. నిన్న ఇంత ఉంది, ఇవాళ అంత ఉంది, ఫర్వాలేదు. మూడేళ్లనుంచి నీ నోట నేను వింటున్న మాట అదొక్కటే. ఎక్కడ పెట్టినా ఫర్వాలేనప్పుడు గడ్డి ఒక్కటే ఏం చేస్తుందిలే అనుకున్నాను." ఆగాడు. ఇంత పెద్ద మాట అతని నోట ఎప్పుడూ రాలేదు. "పిల్లకి ఎంత వచ్చింది?"

"ఇంకా చూడలేదు. రేపు చూస్తాను." మీటరు కట్టేసింది. "రేపు ఆఫీసరుకి అంతా చెప్పేస్తాను. గడ్డి ఎవరు తెచ్చారో కూడా చెప్పాలి. మిమ్మల్ని తీసుకెళ్తారు."

"చెప్పు."

"నిజంగానే చెప్తాను."

"చెప్పమనే అంటున్నాను. కానీ నా ఒక్కడి లారీ అనుకోకు. సంచులు మోసే లారీలన్నీ నిండుగానే వస్తున్నాయి. మీ వదినకి పడేసింది ఓ మూల. మిగతాదంతా పాలకేంద్రం పశువుల పాకలకి వెళ్తోంది."

మీటరమ్మకి ముందు అర్థం కాలేదు. పాలకేంద్రం అంటే ఊరంతటికీ పాలు. బడికి, ఆస్పత్రికి, తాళాలు తీసిన ప్రతి ఇంటికీ పొద్దున్నే చేరే పాలు.

"అబద్ధం," అంది. నవ్వొచ్చినంత పనైంది ఆమెకి. "పాలకేంద్రం పాలు వారం వారం చూసేది నేనే. స్టీలు క్యానులో వస్తాయి, సీలు వేసి. నా చేత్తో సీలు తీస్తాను, నా చేత్తో మిషన్‌లో పెడతాను. ఒక్క వారం కూడా చుక్క రాలేదు. ఊళ్లో అంత శుభ్రమైన పాలు ఇంకెక్కడా లేవు."

అతను తువ్వాలు భుజాన వేసుకుని, లారీ వెనక తలుపు గొళ్లెం సరిచేశాడు.

"ఆ క్యాను నింపించుకొచ్చేది నేనే," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "ఎక్కడ్నించో అడగవా?"